మన యింటి ప్రశ్నలు: సూర్యవిద్యుత్తు



క్రిందటి మాసమున ఇంటిదీపమును గూర్చి వ్రాయుచు, సూర్యుని వెలుగునుండి తీయు విద్యుత్తును గూర్చి సందేహములున్నవారు జాబులు వ్రాయవలసినదని కోరియుంటిని. వచ్చిన జాబులలో కొన్ని కురుపాము పట్టణమునుండి వచ్చినవి. కొన్ని గుమ్మలక్ష్మీపురము, జియ్యమ్మవలస వైపునుండి వచ్చినవి. ఒకటి కొండపైనున్న చిన్న గూడెమునుండి పాఠశాల విద్యార్థిని చేతివ్రాతతో వచ్చినది. ఆ యొక్క జాబునకు మాత్రము కొంచెము దీర్ఘముగా సమాధానము చెప్పదలచితిని. తక్కినవానిలో ఒకే ప్రశ్న పలుమారులు వచ్చినందున వానిని కలిపి వ్రాయుచున్నాను.

ఈ విషయము మగవారిదని మనలో పలువురి తలంపు. డాబాపై నేమి యమర్చవలెనో వారు నిర్ణయింతురు; సంతకము వారు పెట్టుదురు. కాని వంటయింట దీపము, పిల్లల చదువు, పిండిరుబ్బు యంత్రము, నీటి మోటారు, నెల చివర బిల్లు, ఇవన్నియు మన చేతిమీదుగా జరుగునవే. తెలియనిదానికి తల యూపుట కంటె తెలిసికొని యొక ప్రశ్న యడుగుట మేలు.

ఆ నీలిపలకలో నేమున్నది? ఎండ కరెంటుగా నెట్లు మారును?

పలకలో చిన్న చిన్న గడులు కనిపించును గదా. అవి సిలికాను అను పదార్థముతో చేసిన పలుచని బిళ్ళలు. సిలికాను మనకు కొత్తది కాదు. ఇసుకలోను, పలుగురాతిలోను నున్నదదియే. పలుగురాతిని బొగ్గుతో కలిపి మహాతాపమున కాచి, దానినుండి సిలికానును విడదీసి, మరల మరల శుద్ధిచేసి, దిమ్మగా పోతపోసి, ఆ దిమ్మను అప్పడముకంటె పలుచని బిళ్ళలుగా కోయుదురు. సూర్యకాంతి ఆ బిళ్ళపై పడినపుడు దానిలోని సూక్ష్మకణములు కదలి యొక దిక్కునకు ప్రవహించును. ఆ ప్రవాహమే విద్యుత్తు. ఇందు తిరుగు చక్రము లేదు, మండు నూనె లేదు, శబ్దము లేదు. కనుకనే యది చిరకాలము మన్నును.

ఇచట నొక భ్రమను తొలగింపవలెను. పలకకు కావలసినది వెలుతురు గాని వేడి కాదు. మిక్కిలి వేడియెక్కినచో పలక చేయు పని కొంచెము తగ్గును. మే నెల మిట్టమధ్యాహ్నముకంటె, ఆకాశము నిర్మలముగానున్న ఫాల్గుణమాసపు పగలు దానికి హితము. వానకాలమున, ముఖ్యముగా మన కొండల నాలుగు దిక్కుల మబ్బు క్రమ్మిన దినములలో, సగమైనను రాకపోవచ్చును. దీనిని ముందే తెలిసికొన్నవారికి ఆషాఢశ్రావణములలో నిరాశ యుండదు.

కాంతినుండి విద్యుత్తు పుట్టునని 1839లో ఫ్రాన్సు దేశపు ఎడ్మండ్ బెకెరెల్ కనిపెట్టెను. ఉపయోగపడునంతటి సిలికాను పలకను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసి చూపిరి. ఆ పలక తనపై పడిన వెలుగులో నూటికి ఆరు పాళ్ళు మాత్రమే విద్యుత్తుగా మార్చెను. నేడు మన వీథులలో కనబడు పలకలు నూటికి ఇరువది పాళ్ళకు పైగా మార్చుచున్నవి.

మా యింటికెంత పలక కావలెను? ఎంత వ్యయమగును? లాభమున్నదా?

ఈ ప్రశ్న పదకొండు జాబులలో నున్నది. పలకల శక్తిని కిలోవాటులలో లెక్కింతురు. ఒక కిలోవాటునకు నీడపడని చోటు సుమారు నూరు చదరపుటడుగులు కావలెను. అది సగటున దినమునకు నాలుగు యూనిట్లు, అనగా నెలకు సుమారు నూటయిరువది యూనిట్లు ఇచ్చును.

కేంద్ర ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ‘పి.ఎం. సూర్యఘర్’ అను పథకమును ప్రారంభించినది. కోటి యిండ్లపై పలకల నమర్చవలెనని దాని సంకల్పము. ఇందు మొదటి రెండు కిలోవాటులకు కిలోవాటొక్కంటికి 30,000 రూపాయలు, మూడవ కిలోవాటునకు 18,000 రూపాయలు సహాయముగా నిత్తురు. ఎంత పెద్దది పెట్టుకొన్నను 78,000 రూపాయలకు మించదు. ప్రభుత్వమువారు వేసిన అంచనాలో మొదటి రెండు కిలోవాటులకు కిలోవాటునకు 50,000 చొప్పున లెక్కకట్టిరి. అనగా రెండు కిలోవాటులకు లక్ష. అందులో 60,000 సహాయము. మన చేతినుండి 40,000. బజారులో నింతకంటె కొంచెమెక్కువ యడుగుట కలదు.

ఇక లాభము మాట. ఇది ఇంటింటికి వేరు. మన రాష్ట్రమున 2022లో నిర్ణయించిన పట్టిక ప్రకారము గృహములకు మొదటి 30 యూనిట్లకు యూనిటు 1.90 రూపాయలు, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆ పైన 9.75 చొప్పున ధర. ఎంత యెక్కువ వాడిన నంత యెక్కువ ధర యన్నమాట.

నెలకు 200 యూనిట్లు వాడు ఇంటిని చూడుడు. 57, 135, 225, 450 కలిపి 867 రూపాయలు, సంవత్సరమునకు 10,404. రెండు కిలోవాటుల పలకలు ఆ యక్కరను చాలవరకు తీర్చును. 40,000 వ్యయము సుమారు నాలుగేండ్లలో తిరిగి వచ్చును. ఆ పైని ఇరువదియేండ్ల వెలుగు మిగులు.

నెలకు 75 యూనిట్లు మాత్రమే వాడు ఇంటిని చూడుడు. నెలకు 192, ఏటికి 2,304 రూపాయలు. ఒక కిలోవాటు పలకకు సహాయము పోను 20,000 పెట్టినచో తిరిగి వచ్చుటకు తొమ్మిదేండ్లకు దగ్గరగా పట్టును. అట్టివారు అప్పుచేసి తొందరపడనక్కరలేదు. పాత గుండ్రని బుడ్డిదీపముల తీసివేసి యల్.ఇ.డి. దీపములు పెట్టుకొనుటయే వారికి మొదటి లాభము. ఇక షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమను రాయితీ కలదు. వారి యిండ్లపై రెండు కిలోవాటుల పలకలను ఉచితముగా నమర్చుటకు రాష్ట్రప్రభుత్వము పూనుకొన్నది. కనుక ఆ కుటుంబములవారు తమ సొమ్ముపెట్టి ఎవరి మాట విని కొనకముందు సచివాలయములో విచారించుట యుక్తము.

పలకలు పెట్టుకొన్నాము, కరెంటు పోయినపుడు మా యింటను చీకటియే. మోసపోయితిమా?

మోసము కాదు తల్లీ. ముందుగా నెవరును చెప్పకపోవుట తప్పు. మీ పలకలు బాటరీ లేక వీథితీగకు కలుపబడినవి. పగలు మీకు మిగిలిన కరెంటు తీగలోనికి పోవును. రాత్రి మీకు కావలసినది తీగనుండి వచ్చును. రెండింటి లెక్క నెట్ మీటరు చూచుకొనును. తీగలో కరెంటు పోయినపుడు ఇన్వర్టరు తనంతట తానాగిపోవునట్లు చేయబడినది. ఎందుకనగా, ఎక్కడనో తీగ తెగినదని లైన్‌మాను స్తంభమెక్కి పనిచేయుచుండును. మీ డాబామీది కరెంటు ఆ తీగలోనికి పోయినచో నతని ప్రాణమునకే ముప్పు. ఒక యిల్లాలి మాంగల్యము నిలుపుటకై మీ దీపమాగినదని తలంచుడు.

గాలివానలకు తరచుగా కరెంటు పోవు చోట్ల బాటరీ కూడ నున్న యమరిక కావలెనని ముందే చెప్పవలెను. దానికి వ్యయమెక్కువ. 2018 అక్టోబరులో పలాస వద్ద తీరము దాటిన తిత్లీ తుపాను జ్ఞాపకమున్నవారికి మరియొక మాట: పలకల చట్రమును డాబాకు గట్టిగా బిగించిరో లేదో చూచుకొనుడు. ఇటుకలు బరువుపెట్టి నిలిపిన పలక పెనుగాలికి గాలిపటమగును.

పలక పిడుగును పిలుచునని మా అత్తగారి భయము. నిజమా?

పలకకు పిడుగును పిలుచు గుణము లేదు. ఎత్తయిన చెట్టునకు, దేవాలయ శిఖరమునకు ఎంత భయమో దీనికి నంతే. కాని చట్రమునుండి భూమిలోనికి ఎర్తు తీగ సరిగా దింపకున్న యింటిలోని యంత్రములు చెడును. మీ అత్తగారి భయమును త్రోసివేయక, ‘ఎర్తు ఎక్కడ దింపితివి నాయనా?’ యని పనివానిని ఆమెచేతనే యడిగించుడు. పెద్దవారి భయము ఇట్లు పనికి వచ్చును.

ఒక యువకుడు వచ్చి, ఆధారు కాగితము, పదివేలు అడ్వాన్సు ఇచ్చినచో అంతయు తానే చూచుకొందుననుచున్నాడు. ఇయ్యవచ్చునా?

ఇయ్యవలదు. ముందీ నాలుగు సంగతులు చూడుడు. మొదటిది, అమర్చువాడు ప్రభుత్వపు జాబితాలో నమోదైనవాడై యుండవలెను. రెండవది, సహాయధనము నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనికే వచ్చును. ‘నా ఖాతాలోనికి వచ్చును, తరువాత నిత్తును’ అనువానిని నమ్మవలదు. మూడవది, విద్యుత్తు కనెక్షను ఎవరి పేరనున్నదో వారి పేరనే దరఖాస్తు. మన యిండ్లలో గతించిన మామగారి పేరనే మీటరుండుట సామాన్యము. ముందు దానిని మార్పించుకొనుడు. మార్పించునపుడు ఇల్లాలి పేర నేల పెట్టరాదని యింటివారి నొకమారడుగుడు. నాలుగవది, ఈ పథకమున అమర్చినవారు అయిదేండ్లు మరమ్మతు చూడవలెను. ఆ మాట కాగితముపై నుండవలెను.

నా యనుభవ మొకటి చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట మా వాకిటికి వచ్చిన యొకనివద్ద సూర్యలాంతరులు మూడు కొంటిని. రశీదు అడుగుటకు మొగమాటపడితిని. ఆరు మాసములలో మూడును ఆరిపోయినవి. అతని జాడ లేదు. పోయినది పెద్ద మొత్తము కాదు. కాని మా పనిమనిషి కూతురు పరీక్షలకు చదువుకొనునని ఒక లాంతరు ఆమెకిచ్చియుంటిని. సరిగా పరీక్షల ముందే యది ఆరిపోయినది. ఆ మొగమాటము ఖరీదు ఆ పిల్ల చెల్లించినది. అప్పటినుండి రశీదు లేక దారపుండ కూడ కొనుట లేదు.

ఏనుగులు, పందులు పైరు పాడుచేయుచున్నవి. చుట్టును కంచె వేసి కరెంటు కలుపుదమని మావారి యాలోచన. సూర్యకంచెయు నట్టిదే గదా?

సోదరీ, ఈ రెండింటికిని నక్కకు నాకలోకమునకు నున్నంత దూరము. సూర్యకంచెలో చిన్న పలక, బాటరీ, ఒక యంత్రము ఉండును. ఆ యంత్రము సెకనుకొకమారు చొప్పున, సెకనులో వేయింట కొలది వంతు కాలము మాత్రమే, కంచెలోనికి దెబ్బ పంపును. తాకినవానికి ఉలికిపాటు కలుగును, వెనుకకు తొలగుటకు వ్యవధి దొరకును, ప్రాణము పోదు. స్తంభమునుండి నేరుగా కలిపిన తీగ యట్లు కాదు. అది పట్టుకొన్నవానిని విడువదు.

2018 నుండి ఒడిషా వైపునుండి వచ్చిన యేనుగులు మన ప్రాంతమున తిరుగుచున్నవి. వానివలన పైరులే గాక మనుష్యప్రాణములును పోయినవి. రైతు కడుపుమంట నేనెరుగుదును. 2023 మే నెలలో భామిని మండలమున నాలుగేనుగులు విద్యుదాఘాతముచే నొక్కమారుగ చనిపోయినవి. దొంగతీగ పెట్టిన కంచె ఏనుగును, పందిని, పొరుగింటి బిడ్డను, తెల్లవారుజామున నీరు పెట్టవచ్చిన యజమానిని వేరుపరచి చూడదు. అది నేరము కూడ. మీవారితో కోపముగా గాక, బిడ్డల పేరు చెప్పి మాటలాడుడు. వ్యవసాయశాఖవారిని, అటవీశాఖవారిని సూర్యకంచెకు సహాయమేమున్నదో యడుగుడు.

ఈ పలకలు చైనావా, మనవా? ప్రభుత్వము స్వదేశీ యనుచున్నదే?

దేశాభిమానముగల ప్రశ్న. పలుగురాయినుండి పలకవరకు నున్న మెట్లు అయిదు: సిలికాను శుద్ధి, దిమ్మ, బిళ్ళ, గడి, పలక. ఈ అన్ని మెట్లలోను ప్రపంచపు ఉత్పత్తిలో నూటికి ఎనుబదికి పైగా చైనా చేతిలోనున్నదని అంతర్జాతీయ ఇంధనసంస్థ 2022లో తెలిపినది. మన దేశమున చిరకాలము జరిగినది చాలవరకు చివరి మెట్టే. గడులు తెప్పించి, అద్దము క్రింద నమర్చి, చట్రము బిగించుట. పొరుగింటి పిండితో మనయింట దోసె వేసినట్లు.

ఈ స్థితిని మార్చుటకు ప్రభుత్వము మూడు ఉపాయములు పన్నినది. 2022 ఏప్రిలునుండి విదేశపు పలకలపై నూటికి 40, గడులపై నూటికి 25 చొప్పున సుంకము విధించినది. ఇచట కర్మాగారములు పెట్టువారికి రెండు విడతలుగా 4,500 కోట్లు, 19,500 కోట్లు ప్రోత్సాహముగా నేర్పరచినది. ఆమోదించిన తయారీదారుల జాబితా నొకదానిని ఏర్పరచి, అందులేని పలకలను ప్రభుత్వపు పనులలో వాడరాదన్నది. సూర్యఘర్ సహాయము కావలెనన్న పలకలోని గడి కూడ దేశమున చేసినదై యుండవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి పలకలపై జి.యస్.టి. పన్నెండునుండి అయిదు పాళ్ళకు తగ్గినది. అమ్మువాడు మీకు పాత పన్ను వేసెనేమో రశీదులో చూచుకొనుడు.

ఈ విధానము వలన మేలును కలదు, భారమును కలదు. స్వదేశపు గడితో చేసిన పలక కొంచెము ప్రియము. ఆ భారము కొన్నవాని మీదను, పన్ను కట్టువాని మీదను పడును. కాని యొక్క దేశము తలుపు మూసిన మన దీపములారిపోవు స్థితి మంచిది కాదు. మన తెలుగువారిలో 1995లో హైదరాబాదున ఆరంభమైన ప్రీమియర్ సంస్థ నేడు గడులు, పలకలు రెండును చేయుచున్నది. తమిళనాట తిరునెల్వేలి వద్ద టాటావారి కర్మాగారమున పనిచేయువారిలో పెక్కుమంది స్త్రీలే. సూదిలో దారమెక్కించు చేతులకు ఆ సున్నితపు బిళ్ళల పని కష్టము కాదు. మన ఆడపిల్లలు పాలిటెక్నిక్‌లో చేరునపుడు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

పగలు మాత్రమే వచ్చు కరెంటుతో దేశమెట్లు నడచును? అందుకై మా కొండలేల కావలసివచ్చినవి?

సాలూరు వైపునుండి వచ్చిన ఈ ప్రశ్న అన్నిటికంటె లోతైనది. రాయలసీమలో ఓర్వకల్లు, గని, శకునాల ప్రాంతమున 2017లో పూర్తియైన సూర్యవనము వేయి మెగావాటులది. విశాఖవద్ద సింహాద్రి విద్యుత్కేంద్రపు చెరువు నీటిమీదనే 25 మెగావాటుల పలకలు 2021 ఆగస్టునుండి తేలుచు పనిచేయుచున్నవి. 2024లో ప్రకటించిన విధానములో మన రాష్ట్రప్రభుత్వము 160 గిగావాటులకు పైగా పునరుత్పాదక విద్యుత్తును లక్ష్యముగా పెట్టుకొన్నది. పగలింత వచ్చును, రాత్రి యేడుగంటలకు ఇల్లిల్లును దీపము వెలిగించువేళకు సూర్యుడుండడు. దాచుటయే చిక్కు.

ఈ చిక్కుతో మొదట పోరాడినవారిలో నొక స్త్రీ కలదు. హంగరీ దేశమున పుట్టి అమెరికాకు పోయిన మరియా టెల్కెష్ అను శాస్త్రజ్ఞురాలు 1948లో సూర్యుని వేడితోనే శీతకాలము గడపు ఇంటిని డోవరు గ్రామమున కట్టించెను. ఇంటి పటము గీసినది ఎలినార్ రేమండ్, ధనమిచ్చినది అమీలియా పీబడీ, ముగ్గురును స్త్రీలే. పగటివేడిని ఒక విధమగు లవణములో దాచి రాత్రి వాడుట ఆమె యుపాయము. రెండు శీతకాలములు ఇల్లు వెచ్చగానుండెను. తరువాత లవణము విడిపోయి పని చెడెను. వెలుగు పట్టుటకంటె దాచుట కష్టమను పాఠము ఆనాడే తెలిసినది.

నేడు పెద్దయెత్తున దాచుటకు ఒక దారి బాటరీలు. రెండవది రెండు చెరువులు. పగలు మిగిలిన కరెంటుతో క్రింది చెరువునీటిని కొండమీది చెరువునకు ఎక్కింతురు. రాత్రి దింపి విద్యుత్తు తీయుదురు. దీనికి ఎత్తుపల్లములున్న కొండలు కావలెను. అందుకే మన కొండలపై చూపు పడినది. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము అనుమతించిన వానిలో సాలూరు మండలపు కురుకుట్టి వద్ద 1,200 మెగావాటుల దొకటి, కర్రివలస వద్ద 1,000 మెగావాటుల దొకటి కలవు. భూములు, అడవులు, ఊటలు పోవునని గిరిజనులు అభ్యంతరము చెప్పుచున్నారు.

దేశమునకు రాత్రి దీపము కావలెననుట నిజమే. ఆ దీపము వెలకు ఒకే యూరివారు తమ పొలమును, ఊటను ఇయ్యవలెనా యనునదియు న్యాయమైన ప్రశ్నయే. ఏది సరియో నేను తీర్పు చెప్పజాలను. కాని చట్టమేమి చెప్పుచున్నదో చెప్పగలను. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదలాయింపరాదని 1970 నాటి నిబంధన కలదు. షెడ్యూల్డు ప్రాంతమున భూసేకరణకు ముందు గ్రామసభనుగాని తగిన స్థాయి పంచాయతీనిగాని సంప్రదింపవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టపు నియమముల ప్రకారము గ్రామసభకు సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ రావలెను. వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. మీరు లేనిదే ఆ సభ సభ కాదు. కనుక సభనాడు పొయ్యి కొంచెము ఆలస్యముగా వెలిగినను పోయి కూర్చుండుడు. కాగితములు తెలుగున చదివి వినిపింపుమని యడుగుడు. ‘మా యూటకేమగును?’ అను ప్రశ్న మగవారికంటె నీరు మోయు మనకే ముందు తోచును.

కొండమీది గూడెమునుండి వచ్చిన జాబు

ఇక నేను ముందు చెప్పిన జాబు. సవర కుటుంబపు ఇల్లాలు చెప్పగా, వసతిగృహమున చదువుచున్న ఆమె కూతురు సెలవులలో వ్రాసినది. నాలుగేండ్ల క్రిందట ఒక ధర్మసంస్థవారు వారి యిరువది యిండ్లకు ఒక్కొక్క పలక, బాటరీ, మూడు దీపములు ఇచ్చిరి. ఊరంతయు ఆనాడు పండుగ చేసికొన్నది. రెండేండ్లు వెలిగినవి. తరువాత ఒక్కొక్కటిగా ఆరినవి. ఇచ్చినవారు మరల రాలేదు. ఇప్పుడు సంతలో నొకడు పలకకు ఎనిమిదివందలిత్తుననుచున్నాడట. ఊరిలో ఆరుగురు అమ్మివేసిరి. ‘మామగారు మాదియు అమ్ముదమనుచున్నారు. అమ్మ వద్దనుచున్నది. ఏమి చేయవలెను?’ అని ఆ పిల్ల ప్రశ్న.

అమ్మా, మీ యమ్మగారి మాటయే సరి. అమ్మవలదు.

చచ్చినది పలక కాదు, బాటరీ. పలక ఇరువదియైదేండ్లు పనిచేయు వస్తువు. ఏటికి నూటికి అరపాలు మాత్రమే దాని బలము తగ్గును. సీసపు బాటరీ ఆయువు మూడు మొదలు అయిదేండ్లు. నీరు పోయక, పూర్తిగా పిండివేసినచో రెండేండ్లు. ఎనిమిదివందలకు మీరమ్మునది ఇంకను ఇరువదియేండ్ల వెలుగు. గేదె వట్టిపోయినదని గాక, పాలచెంబు చిల్లిపడినదని గేదెను అమ్మినట్లు.

మీ యమరికను లెక్కవేయుదము. అయిదు వాటుల దీపములు మూడు, రాత్రి అయిదు గంటలు వెలిగినచో 75 వాటుగంటలు. నూరు వాటుల పలక మంచి యెండదినమున దానికి నాలుగు రెట్లిచ్చును. పన్నెండు వోల్టుల, నలుబది ఆంపియర్‌గంటల బాటరీని సగము మాత్రమే వాడినను, మబ్బుపట్టిన మూడు రాత్రులు గడచును. కావలసినదింతే. మొదట కురుపాములోగాని పార్వతీపురములోగాని మీటరుతో పరీక్షించువానిచేత పలక బాగుగానున్నదని చూపించుకొనుడు. తీగల మొనలు త్రుప్పుపట్టినచో గీకి బిగింపుడు. తరువాత బాటరీ మాట.

బాటరీకి నాలుగైదువేలగును. ఒక్క యింటికది బరువు. కాని ఇరువది యిండ్లు నెలకు నూరేసి రూపాయలు పొదుపుసంఘములో దాచినచో నాలుగేండ్లకు 96,000 అగును. ఊరిలోని బాటరీలన్నియు మారుటకు చాలును. కొవ్వొత్తులకు, టార్చి సెల్లులకు, ఫోను ఛార్జికై క్రిందికి దిగుటకు మీరిపుడు పెట్టుచున్నది నూరునకు తక్కువ యుండదు. మొదటి బాటరీలు ఎవరింటికి? ఇంటిలో చదువుకొను పిల్లలో, పసిబిడ్డయో యున్నవారికి. ఈ వరుసను సంఘమున స్త్రీలే నిర్ణయింపుడు. పాత బాటరీని పొలమున పారవేయవలదు. దానిలోని సీసము, ఆమ్లము నీటిని, పిల్లలను చెరచును. కొత్తది కొను కొట్టువానికే ఇచ్చి వెలలో తగ్గింపు పొందుడు.

రెండవది, ప్రభుత్వపు తలుపు తట్టుడు. కొండసవరలు అత్యంత వెనుకబడిన తెగల జాబితాలోనున్నారు. అట్టివారికై 2023 నవంబరు 15న ప్రారంభమైన పి.ఎం. జన్‌మన్ పథకమున తీగలు పోజాలని యావాసములలో ఇంటింటికి 50,000 రూపాయల వరకు వ్యయముతో బాటరీతో కూడిన సూర్యవిద్యుత్తు అమర్చుటకు ఏర్పాటు కలదు. ఇరువది యిండ్లవారును సంతకములు, వేలిముద్రలు వేసి, ఐ.టి.డి.ఎ. కార్యాలయమున అర్జీ యిచ్చి నకలుపై ముద్ర వేయించుకొనుడు. అనంతగిరి మండలమున గూడెమను కొండశిఖర గ్రామమునకు, పదిహేడే యిండ్లున్నను, 2025 నవంబరులో అడవిగుండ స్తంభములు మోసికొనిపోయి దీపము వెలిగించిరి. పదిహేడిండ్లకు సాధ్యమైనది ఇరువదింటికి కారాదా?

మూడవది అన్నిటికంటె ముఖ్యము. మీ యూరికి కావలసినది మరియొక దాత కాదు. మరమ్మతు తెలిసిన మనిషి. రాజస్థానమున తిలోనియా గ్రామములో 1972లో పుట్టిన బేర్‌ఫుట్ కళాశాలయందు అక్షరము రాని పల్లెస్త్రీలకు, అవ్వలకు సైతము, తీగల రంగులను గుర్తుపట్టుటద్వారా సూర్యదీపముల అమరిక, మరమ్మతు నేర్పుచున్నారు. విదేశముల స్త్రీలును వచ్చి నేర్చి పోయిరి. పసుపుకొమ్ము ఎండినదో లేదో వ్రేలితో చెప్పగల మీకు బాటరీలో నీరు తగ్గినది తెలియదా? నీవు చదువుకొన్న పిల్లవు. మీటరు చూచుట ఒక మధ్యాహ్నపు విద్య. ఈ సెలవులలో కురుపాములో ఎవరైన ఎలక్ట్రీషియను వద్ద నేర్చి, మీ యమ్మగారికి నేర్పుము. నీవు వసతిగృహమునకు తిరిగి పోయినను, ఆమె యూరిలో నుండును.

ఇచ్చినవారిది సద్బుద్ధియే. వారు వెలుగునిచ్చిరి గాని వెలుగును కాపాడు విద్య నియ్యలేదు. దానము చేయు సోదరీమణులకు నాదొక విన్నపము: పది యిండ్లకు పలకలిచ్చుటకంటె ఆరిండ్లకిచ్చి, మిగిలిన సొమ్ముతో ఆ యూరి యిద్దరు స్త్రీలకు మరమ్మతు నేర్పించుడు.

నిత్యము చేయవలసినవి

పలకలను పదిహేను దినములకొకమారు తెల్లవారుజాముననో సాయంకాలముననో మంచినీటితో, మెత్తని గుడ్డతో తుడువవలెను. మిట్టమధ్యాహ్నమున కాగియున్న అద్దముపై చల్లని నీరు పోయరాదు. సబ్బుపొడి, పీచు వాడరాదు. పలకపై కాలు మోపరాదు. ఒడియములు, చింతపండు దానిపై నెండబెట్టరాదు. ఒక మూల నీడ పడినను మొత్తము పలక పని తగ్గును. బాటరీలో నీరు నెలకొకమారు చూచి, శుద్ధజలమునే పోయవలెను, కుళాయినీరు పనికిరాదు. బాటరీయున్న గదిలో గాలి యాడవలెను. దాని ప్రక్కన దీపారాధన చేయరాదు. మీటరులోని యంకెను నెలకొకమారు పాలలెక్క పుస్తకములోనే వ్రాసికొనుడు. తప్పు జరిగిన మొదట మీకే తెలియును.

వచ్చుమాసమున త్రాగునీటిని శుద్ధిచేయు పద్ధతులను గూర్చి వ్రాయుదును. ప్రశ్నలు పంపువారు ఊరిపేరు వ్రాసిన చాలును. తమ పేరు ప్రకటింపబడదు. కొండమీది చిన్నారి మాత్రము మరల వ్రాయవలెను. ఏ యింట మొదటి దీపము వెలిగినదో తెలిసికొనుటకు నేను కాచియుందును.